అప్‌డేట్: కాలిపర్లకు ఎర్ర రంగు పడింది

కారు బ్రేక్ ప్యాడ్లు తీసి కాలిపర్లకు (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కిపట్టే భాగాలు) ఇంట్లోనే పెయింట్ వేయొచ్చా, విప్పకుండా పైపైన వేస్తే సరిపోతుందా అని అడిగాను కదా. ముందు చక్రాలు రెండూ అయిపోయాయి. విప్పే వేశాను.

మా ఇల్లు వైజాగ్ బీచ్ రోడ్డుకు దగ్గర. ఉప్పుగాలికి పట్టిన తుప్పును వైర్ బ్రష్‌తో గీకడానికే పూటంతా పోయింది, రంగు వేయడం దాని ముందు ఒక లెక్కే కాదు. కాలిపర్ బరువు బ్రేక్ ఆయిల్ హోస్ మీద పడకుండా తీగతో సస్పెన్షన్ స్ప్రింగ్‌కు కట్టాను. బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ రబ్బరుకూ, బ్లీడ్ నిపుల్‌కూ (బ్రేక్ ఆయిల్‌లోని గాలి తీసే చోటు), ప్యాడ్లు జారే చోట్లకూ టేపు వేశాక, వేడిని తట్టుకునే కాలిపర్ పెయింట్ పల్చగా రెండు పూతలు. ఇక్కడి ఉక్కలో త్వరగా ఆరదు, రాత్రంతా వదిలేశాను.

అసలు లాభం వేరే. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లయిడ్ పిన్నుల్లో ఒకటి బిగుసుకుపోయి ఉంది, లోపలి ప్యాడ్ ఎక్కువ అరిగింది అందుకేనేమో. శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పెట్టాను.

కారు కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కమన్నవారికి థాంక్స్ అండి. ప్యాడ్లు తిరిగి పెట్టడానికి పిస్టన్ వెనక్కి నొక్కి ఉంది కదా, మొదటిసారి పెడల్ నేలదాకా దిగిపోయింది! ముందు మా వీధిలో మెల్లగా, తర్వాత కైలాసగిరి కొండ దిగుతూ చూశాను. పక్కకు లాగడం లేదు, చప్పుడూ లేదు. వెనకవి డ్రమ్ బ్రేకులు, వాటికి కాలిపర్లు ఉండవు, వాటి జోలికి పోను.