పైథాన్‌లో >= గుర్తు: 100 మార్కులకు ఫెయిల్, 9 మార్కులకు పాస్ అని ఎందుకు వస్తోంది?

సిరొంచ నుండి ప్రశ్న:
నమస్కారమండీ. మా తమ్ముడు ఇక్కడ మరాఠీ మాధ్యమంలో పదో తరగతి చదువుతున్నాడు. మహారాష్ట్ర బోర్డులో నూటికి 35 వస్తే ఉత్తీర్ణత కాబట్టి, మార్కులు అడిగి ఫలితం చెప్పే చిన్న ప్రోగ్రామును వాడిచేత రాయిస్తున్నాను. మార్కులు >= 35 అని రాస్తే టైప్ ఎర్రర్ వచ్చింది. మార్కులు >= "35" అని కొటేషన్లు పెట్టగానే ఎర్రర్ పోయింది గానీ, 72కు సరిగ్గానే పాస్ అని చెప్పేది 100కు ఫెయిల్ అనీ, 9కి పాస్ అనీ చెబుతోంది. కారణమేమిటి?

రాజురా నుండి జవాబు:
ఆ కొటేషన్లు తీసివేయండి. మొదట వచ్చిన ఎర్రరే సరైన హెచ్చరిక. ఇన్‌పుట్ ఫంక్షన్ మనం ఏది టైప్ చేసినా దానిని సంఖ్యగా కాక, అక్షరాల వరుసగా, అంటే స్ట్రింగ్‌గానే అందిస్తుంది. స్ట్రింగ్‌కూ సంఖ్యకూ మధ్య ఏది పెద్దదో తేల్చడానికి పైథాన్ 3 ఒప్పుకోదు. రెండూ స్ట్రింగులైతే మాత్రం నిఘంటువులో పదాలు పేర్చినట్లు మొదటి అక్షరం నుండి పోల్చుతూ, తేడా కనిపించిన చోటే తీర్పు చెప్పేస్తుంది. "100"లోని 1, "35"లోని 3 కన్నా ముందుది కాబట్టి ఫెయిల్. 9 తరువాతది కాబట్టి పాస్. చదివిన విలువను ఇంట్ ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చి, ఆపైన 35తో పోల్చండి. మరొక మాట: రెండూ సమానమా అని చూసే == విషయంలో ఈ హెచ్చరిక కూడా రాదు. "35" == 35 అంటే చప్పుడు లేకుండా ఫాల్స్ అనే వస్తుంది; నా దృష్టిలో అదే ఎక్కువ ప్రమాదకరం.

బల్లార్షా నుండి జవాబు:
మరాఠీ కీబోర్డుతో దేవనాగరి అంకెలు కొట్టినా ఇంట్ ఫంక్షన్ వాటిని సంఖ్యగానే తీసుకుంటుంది, మన తెలుగు అంకెలనైనా అంతే. స్ట్రింగులుగా పోల్చితే మాత్రం, అన్ని లిపుల అక్షరాలకూ వరుస సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో వాటి స్థానం మామూలు అంకెల తరువాత కాబట్టి, దేవనాగరిలో కొట్టిన ఏ మార్కులకైనా పాస్ అనే వస్తుంది.

సిరొంచ:
ధన్యవాదాలండీ, సరిపోయింది. అయితే పొరపాటున 350 కొట్టినా పాస్ అంటోంది.

రాజురా:
35 <= మార్కులు <= 100 అని ఒకే వరుసలో రాయవచ్చు; పైథాన్ రెండు షరతులనూ చూస్తుంది. సీ భాషలో ఇలా రాయకూడదు, అక్కడ మొదటి పోలిక ఫలితమైన 0 లేదా 1నే 100తో పోల్చుతుంది కాబట్టి ఎప్పుడూ నిజమే అవుతుంది. ఫెయిల్‌కు 0 <= మార్కులు < 35 అని విడిగా రాసి, మిగిలిన వాటన్నిటికీ మార్కులు మళ్లీ అడిగేలా చేయండి.