ఇంజెక్షన్ ఇప్పించాక వచ్చిన ఆ ఎగశ్వాస... మా కుక్క బాధపడిందా?

ప్రశ్న (పెరటిజామ):
లాబ్రడార్, ఆడది, పదకొండేళ్లు. చాలాకాలంగా కిడ్నీ జబ్బు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) 9 దాటింది, నీళ్లు తాగినా వాంతే. డాక్టరుగారు చెప్పగా నిన్న సాయంత్రం బాధ లేకుండా ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇప్పించాం. గుండె ఆగిందని ఆయన అన్నాక కూడా రెండుసార్లు నోరు తెరిచి ఊపిరి లాగింది. కాలు అదిరింది, కళ్లు మూతపడలేదు. అప్పటికి దానికి తెలుస్తూనే ఉందా? రాత్రంతా అదే ఆలోచన.

పాత నూలు దుప్పటిలో చుట్టి పెరట్లో పూడ్చాం. రెండున్నర అడుగులకే రాయి తగిలింది. పైన పారిజాతం నాటొచ్చా? ఇంట్లో ఉన్న రెండో కుక్క నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదు. ఐదేళ్ల బాబు అది ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడు.

జవాబు (పశువైద్యం_తెనాలి):
దానికేమీ తెలియదండీ. ఆ మాట నమ్మకంగా చెప్పొచ్చు. సిరలోకి ఎక్కించేది మత్తుమందే, చాలా పెద్ద మోతాదులో. ముందు స్పృహ పోతుంది, తర్వాత ఊపిరి, ఆ తర్వాత గుండె. నొప్పి తెలిసే పైమెదడు ఆగిపోయాక కూడా మెదడు అడుగుభాగం కాసేపు పనిచేస్తుంది. మీరు చూసిన ఎగశ్వాస అక్కడిది. కాలు అదరడం కండరాల పని. కన్ను మూయాలంటే కండరం బిగవాలి, అది సడలిపోయింది కాబట్టే తెరిచి ఉంది. ఇవన్నీ జరగొచ్చని ముందే చెబితే ఇంటివాళ్లకు ఇంత క్షోభ ఉండదు.

ముందే పసిగట్టాల్సిందని కూడా కుమిలిపోకండి. కిడ్నీలు సుమారు ముప్పాతిక వంతు దెబ్బతినేదాకా క్రియాటినిన్ పైకి రాదు. అంతకుముందు కనిపించేదల్లా నీళ్లు ఎక్కువ తాగడం, ఎక్కువసార్లు మూత్రం పోయడం; మన ఎండల్లో దాన్ని జబ్బని ఎవరనుకుంటారు? మీరు చెప్పిన దశ దాటితే నోట్లో పుళ్లు, ఆగని వాంతులు, ఫిట్స్. దాన్ని ఆ బాధ పడనివ్వలేదు మీరు.

జవాబు (రేగడినేల):
గొయ్యి పని ఇవాళే చూడండి. ఆ మందు కళేబరంలో నెలల తరబడి చెడదు. వీధికుక్కలు తవ్వి తింటే వాటి ప్రాణానికే ముప్పు. శరీరం పైన కనీసం మూడడుగుల మట్టి ఉండాలి. లాబ్రడార్ పడుకుంటే దాదాపు అడుగు మందం, అంటే మీకు అడుగున్నరే ఉంది. తిరగతవ్వొద్దు. పైన ఇంకో అడుగున్నర దిబ్బ పోసి, గట్టిగా తొక్కి, కోళ్లగూటికి వాడే ఇనప జాలీ పరిచి, దానిమీద షాబాదు బండలు పేర్చండి. కొన్ని వారాల్లో దిబ్బ కుంగి పగుళ్లిస్తుంది, వాసన వచ్చేది వాటిలోంచే. బండలు తీసి మట్టి పోసి మళ్లీ పేర్చండి. ఉప్పు బస్తా పోయమంటారు, వద్దు: కుళ్లడం నెమ్మదిస్తుంది, నేలా చౌడు బారుతుంది. నూలు దుప్పటి మంచిదే, అదే ప్లాస్టిక్ అయితే కుళ్లడానికి ఏళ్లు పడుతుంది. బోరు నూరడుగుల లోపు ఉంటే ఆ నీళ్లు తాగకండి.

పారిజాతం ఇప్పుడే నాటితే అమ్మోనియా వేళ్లను మాడ్చేస్తుంది. ఒక ఏడాది కుండీలో పెంచి, తర్వాత రెండడుగులు పక్కగా నాటండి.

పెరడు లేనివాళ్లకు హైదరాబాద్‌లో ఫతుల్లగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది. బూడిద కావాలంటే ఒక్కదాన్నే విడిగా దహనం చేయమని ముందే అడగాలి.

జవాబు (రెండుతోకలు):
రెండో కుక్క నీళ్లు తాగుతుంటే ఒక రోజు చూడొచ్చు. రేపు కూడా తినకపోయినా, వాంతి చేసుకున్నా డాక్టరుకు చూపించండి, దిగులే అని వదిలేయొద్దు. పిల్లి అయితే ఇంకా తొందరపడాలి, రెండు మూడు రోజుల పస్తుకే కాలేయం చెడుతుంది. చనిపోయినదాని పరుపు అప్పుడే ఉతకకండి, వాసన చూసుకోనివ్వండి. నడక, తిండి వేళలు మార్చొద్దు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా చికెన్ ఉడికించిన నీళ్లు గోరువెచ్చగా అన్నంలో కలిపి పెట్టండి. పావుగంటలో తినకపోతే గిన్నె తీసేయండి. వెంటపడి రకరకాలు పెడితే మామూలు తిండి మానేస్తుంది.

బాబుకు "చనిపోయింది, ఇక రాదు" అనే చెప్పండి. ఊరెళ్లిందంటే గేటు దగ్గర కాచుకుంటాడు, నిద్రపోయిందంటే పడుకోవడానికి జడుస్తాడు. ఇంజెక్షన్ మాట చెవిన పడి ఉంటే, నీకు వేసే సూది జబ్బు తగ్గించే సూది, అది వేరు అని విడమరచి చెప్పాలి. రేపు మళ్లీ అదే అడుగుతాడు. ఆ వయసుకు చావు అంటే తిరిగి రాకపోవడమని ఒక్కసారికి బోధపడదు. అడిగిన ప్రతిసారీ అదే మాట చెప్పండి. వాడి ముందు మీకు ఏడుపొస్తే ఏడవండి, దాచక్కర్లేదు.

కుక్కే కదా అనేవాళ్లతో వాదన పెట్టుకోకండి. వారాలు గడిచినా నిద్ర పట్టక, పనికి వెళ్లలేకపోతుంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.