గ్లాసు అన్న మాటకు పదకోశంలో ఏ అర్థం రాయాలి?

రాజాం బడిపంతులు:
పిల్లలు ఇళ్లలో వినే మాటలతో మా బడి తరఫున ఒక చిన్న పదకోశం కూర్చుతున్నాము. అందులో "గ్లాసు: నీళ్లు, పాలు, టీ తాగే పాత్ర, గాజుదైనా, స్టీలుదైనా, ఇత్తడిదైనా కావచ్చు. పల్లెల్లో పెద్దల పలుకు గళాసు" అని రాశాము. చూసిన ఒక పెద్దమనిషి మొదటి వాక్యం తప్పనీ, రెండవది అనవసరమనీ అన్నారు. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

నాగావళి ఒడ్డు:
ఆయన అన్నది సబబే. ఇంగ్లీషులో గ్లాస్ అంటే మొదట గాజు అనే పదార్థం. ఆ పదార్థంతో చేసినందువల్లనే పాత్రకూ, కళ్లజోడుకూ, ముఖం చూసుకునే అద్దానికీ ఆ పేరు వచ్చింది. స్టీలు గ్లాసు అనడం అర్థం తెలియక అలవాటైన పొరపాటు. ఎంతమంది నోట నానినా పొరపాటు నిఘంటువుకు ఎక్కదగినది కాదు. ఇక గళాసు సంగతి చెప్పనే అక్కరలేదు.

బొబ్బిలి ఇల్లాలు:
మా అత్తగారి నాటి ఇత్తడి గ్లాసులు మా ఇంట్లో ఇంకా వాడుకలో ఉన్నాయి. వాటిని మేము ఎన్నడూ మరో పేరుతో పిలవలేదు.

చీపురుపల్లి పాఠకురాలు:
మాట పుట్టిన చోట ఉన్న అర్థం వేరు, వచ్చి స్థిరపడిన చోట ఉన్న అర్థం వేరు. ఆ పదార్థానికి మనకు ముందునుంచీ గాజు అనే మాట ఉంది; అది సంస్కృతంలోని కాచానికి వికృతి. 1852 నాటి బ్రౌను నిఘంటువులోనే గాజుకు ఆ పదార్థమూ, చేతికి తొడిగే గాజూ రెండూ అర్థాలుగా ఉన్నాయి. కిటికీ పలకకూ, ముఖం చూసుకోవడానికీ అద్దం ఉంది. మిగిలింది పాత్ర, తెలుగు ఆ ఒక్క అర్థాన్నే పుచ్చుకుంది. అందుకే గాజు గ్లాసు అన్నప్పుడు చెప్పిన మాటనే మళ్లీ చెప్పినట్టు ఎవరికీ తోచదు. ఎన్నికల గుర్తుకు కూడా అదే పేరు. చెంబెడు, గంపెడు అన్నట్టే గ్లాసెడు నీళ్లు అంటున్నాము. సీసా కూడా ఇలాంటిదే. పారసీలో శీషా అంటే గాజు, మనకు సీసా అంటే బుడ్డి. ప్లాస్టిక్ సీసా అన్నవారిని ఎవరూ తప్పుపట్టరు. (ఈ సీసాకూ, లోహమైన సీసానికీ సంబంధం లేదు. పిల్లలు వీటిని కలిపేస్తుంటారు కనుక మాస్టారు ఆ సంగతి కూడా రాస్తే మంచిది.)

ఆమదాలవలస కుర్రవాడు:
గ్లాసుమేటు అన్న మాటను కూడా చేర్చండి. క్లాసుమేటును బట్టి పుట్టించినది. కలిసి మద్యం తాగే స్నేహితుడని అర్థం. క్లాసు పీకడం అంటే గట్టిగా మందలించడమని కూడా రాయాలి.

నాగావళి ఒడ్డు:
నేను భయపడినది ఇదే. గ్రాసం అంటే మేత అనీ, గ్రాసవాసాలంటే తిండీ బట్టా అనీ నేర్పవలసిన వయసులో పిల్లలకు తాగుబోతుల మాటలు నేర్పుతామా? జవాబు పత్రాలు దిద్దేటప్పుడు గళాసు అని రాసిన పిల్లలకు నేను మార్కులు తగ్గించాను. వారి మేలు కోరే ఆ పని చేశాను.

చీపురుపల్లి పాఠకురాలు:
అలా మార్కులు పోగొట్టుకున్నవారిలో నేనూ ఉన్నాను. నగరంలోని ఒక హాస్టలులో భోజనం దగ్గర గళాసు అన్నందుకు తోటివారు ఆ మాటనే నాకు పేరుగా పెట్టారు. చివరకు నీళ్లు అడగడమే మానుకున్నాను. గ్ల అనే జంట హల్లుతో మొదలయ్యే అచ్చ తెలుగు మాట లేదు కనుక నడుమ ఒక అచ్చు చేరింది. స్కూలు ఇస్కూలు అయినదీ ఇటువంటి కారణం వల్లనే. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవరల నోట విన్న మాటలతో వారి భాషకు నిఘంటువు కూర్చారు. మన పెద్దల నోటి మాట మన పిల్లల పుస్తకానికి పనికిరాదా?

నాగావళి ఒడ్డు:
అమ్మా, మీరు పడిన అవమానం వ్యుత్పత్తికి సాక్ష్యం కాదు.

చీపురుపల్లి పాఠకురాలు:
వ్యుత్పత్తి మీకు ఒక సాకు మాత్రమే. మీకు సరిపడనిది ఆ మాట పలికే మనుషులు.

టెక్కలి పాఠకుడు:
ఇంతవరకు ఎవరూ చెప్పని ఒక అర్థం ఉంది. రెండు గ్లాసుల పద్ధతి. టీ దుకాణంలో దళితులకు వేరే గ్లాసు పెట్టి, తాగిన తరువాత వారిచేతనే కడిగించి, విడిగా పెట్టించే ఆచారం. మా నాన్నగారి గ్లాసు చూరులో ఉండేది. ఆయన బతికినంతకాలం బయట టీ తాగలేదు. గ్లాసు అన్న పదం కింద ఈ మాట లేకపోతే ఆ పుస్తకం మా ఇంటి భాషను వదిలేసినట్టే.

నాగావళి ఒడ్డు:
అయ్యా, ఆ ఆచారం నేరం, పాపం. అందులో నాకు సందేహం లేదు. అయినా దాని చోటు చరిత్ర పాఠంలో ఉంది. పిల్లలు గౌరవంగా పలకదగిన మాటలే పదకోశంలో ఉండాలని నా పట్టుదల. మన ప్రాంతపు యాసను వెక్కిరించేవారికి మనమే ఆధారం అందించకూడదు.

టెక్కలి పాఠకుడు:
1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం హోటళ్లలో అందరికోసం ఉంచిన పాత్రలను అంటరానితనం పేరుతో వాడనివ్వకపోవడం శిక్షార్హమని స్పష్టంగా రాసింది. చట్టం రాసినదాన్ని రాయడానికి పదకోశం ఎందుకు సిగ్గుపడాలి? గౌరవం ఎవరికి కావాలో తేల్చకుండా గౌరవమైన మాటలు ఎలా ఏరుతారు?

రాజాం బడిపంతులు:
మొదటి అర్థం అలాగే ఉంటుంది, గళాసు కూడా ఉంటుంది. గ్లాసెడు, రెండు గ్లాసుల పద్ధతి చేరుస్తున్నాను. గ్లాసుమేటు ఈ కూర్పులో వేయడం లేదు. మా బడి పిల్లల ఇళ్లలో ఆ మాట వినపడినట్టు ఎవరూ రాసి తేలేదు.

నాగావళి ఒడ్డు:
గళాసు పక్కన "వ్యవహారంలో మాత్రమే" అని గుర్తు పెట్టాలని నా అభ్యంతరం నమోదు చేయండి.

చీపురుపల్లి పాఠకురాలు:
అలాగైతే గ్లాసు పక్కన కూడా అదే గుర్తు పెట్టండి, మాస్టారు.