హైరాక్స్: స్లెడ్ తోశాక కాళ్లు మొరాయిస్తున్నాయి

ప్రశ్న: హైరాక్స్ పోటీలో (కిలోమీటరు పరుగు, ఆ వెంటనే ఒక వ్యాయామం, ఇలా ఎనిమిదిసార్లు) 50 మీటర్ల స్లెడ్ పుష్, అంటే బరువులు పెట్టిన బండిని తోయడం, అవగానే మూడో కిలోమీటరు పరుగులో తొడలు బిగుసుకుపోతున్నాయి. ఏం మార్చాలి?

జవాబు: ఒక్క ఊపులో తోసేద్దామనే తొందరే కారణం. అడుగులు చిన్నగా వేయండి, మోచేతులు వంచి భుజం ఆనించండి. ఆగాల్సి వస్తే 12.5 మీటర్ల గీత దాటాకే ఆగండి, ఎలాగూ అటు తిరగాలి కదా. మధ్యలో ఆగితే బండిని మళ్లీ కదిలించడానికే బలమంతా ఖర్చు.

జవాబు: వారానికోసారి స్లెడ్ తోసి, వెంటనే కిలోమీటరు పరుగెత్తండి. ఇలా 4 సార్లు, మధ్యలో 2 నిమిషాల విశ్రాంతి. మొదటి 200 మీటర్లు కావాలనే నెమ్మదిగా.

జవాబు: అసలు తప్పు స్లెడ్‌కు ముందొచ్చే స్కీఎర్గ్ (స్కీయింగ్‌లా తాళ్లు కిందికి లాగే యంత్రం, 1000 మీటర్లు) దగ్గరే ఉందేమో చూడండి, అక్కడ కాస్త నెమ్మదించండి. 500 మీటర్లకు 5 సెకన్లు ఎక్కువ పట్టినా మొత్తం పోయేది 10 సెకన్లేనండీ.