ఊపిరితిత్తుల తీవ్ర వ్యాధిలో బృంద వైద్యం అంటే నలుగురు డాక్టర్లను విడివిడిగా కలవడమేనా?

ప్రశ్న

మా నాన్నగారికి 71 ఏళ్లు. సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఊపిరాడటం కష్టమయ్యే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి) బాగా ముదిరింది, ఇంట్లో ఆక్సిజన్ కాన్సంట్రేటర్ వాడుతున్నాం. ఊపిరితిత్తుల డాక్టరు, గుండె డాక్టరు, ఫిజియోథెరపిస్టు, డైటీషియన్ అంటూ నలుగురి చుట్టూ తిరుగుతున్నాం కానీ ఎవరి మాట వారిదే. ఒకరు నడవమంటారు, ఇంకొకరు కదలవద్దంటారు. ఆక్సిజన్ రోజుకు ఎన్ని గంటలు పెట్టాలన్న విషయంలో కూడా ఇద్దరు ఒకే మాట చెప్పలేదు. స్నానం చేసి వచ్చాక ఆయన మంచం అంచున కూర్చుని, మోచేతులు మోకాళ్లపై ఆనించుకుని, అరగంట వరకూ ఒక్క మాట మాట్లాడలేకపోతారు. ఆ సమయంలో ఆయన కళ్లలో కనిపించే భయానికి ఏ చీటీలోనూ మందు రాయలేదు. ఈమధ్య పాలియేటివ్ కేర్ (ఉపశమన వైద్యం) వారిని కూడా కలవమన్నారు. అది చివరి రోజుల వైద్యం కదా అని అమ్మ కుమిలిపోతోంది. అసలు బృందంగా చూడటం అంటే ఏమిటి?

సమాధానం 1 (పల్మనరీ రిహాబిలిటేషన్ ఫిజియోథెరపిస్టు)

మీకు నడవమన్నవారూ తప్పు చెప్పలేదు, ఆగమన్నవారూ తప్పు చెప్పలేదు. ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోకపోవడమే తప్పు. ఆయాసానికి భయపడి కదలడం మానేస్తే కాళ్ల కండరాలు నీరసిస్తాయి, నీరసించిన కండరాలతో అదే నాలుగడుగులు వేయడానికి మరింత ఆయాసం వస్తుంది. అందుకే ఊపిరితిత్తుల రోగులకు వ్యాయామ శిక్షణ ఇచ్చే పల్మనరీ రిహాబిలిటేషన్‌లో ముందుగా ఆరు నిమిషాల నడక పరీక్ష వంటివి చేసి, ఎంత వేగం తట్టుకోగలరో చూసి, సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు చొప్పున ఆరు నుంచి ఎనిమిది వారాలో అంతకన్నా ఎక్కువో సాధన చేయిస్తాం. స్నానం విషయానికి వస్తే, స్టూలు మీద కూర్చుని చేయించండి, చేతులు పైకెత్తే పనులను తగ్గించండి, ఒళ్లు తుడుచుకునే శ్రమ లేకుండా పెద్ద తువ్వాలు కప్పేయండి. పెదవులను ఈల వేస్తున్నట్లు ముడిచి నెమ్మదిగా గాలి వదలడం అప్పుడే అలవాటు చేయాలి.

ఇంకొక మాట. ఇన్హేలర్ ఎలా వాడుతున్నారో ఒకసారి చూపించమనండి. నొక్కే రకం ఇన్హేలర్‌లో మందును నెమ్మదిగా, లోతుగా పీల్చాలి. పొడి మందు ఉండే రకంలోనైతే గట్టిగా, వేగంగా లాగాలి. ఈ రెండింటినీ తారుమారు చేసేవారిని తరచూ చూస్తుంటాను.

సమాధానం 2 (పాలియేటివ్ కేర్ వైద్యురాలు)

మీ అమ్మగారి భయం నాకు కొత్తది కాదు. చికిత్స ఆపేసి మా దగ్గరికి పంపుతున్నారని చాలామంది అనుకుంటారు, కానీ ఊపిరితిత్తుల డాక్టరు మందులు ఇస్తూ ఉండగానే మేము ఆయాసాన్ని, నిద్రలేమిని, భయాన్ని చూస్తాం. ఆయాసం భయాన్ని పెంచుతుంది, భయం వల్ల శ్వాస పైపైన, వేగంగా సాగి ఆయాసం ఇంకా పెరుగుతుంది. చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాను గాలి బుగ్గలకు, ముక్కుకు తగిలేలా పెట్టడం చూడటానికి ఇదేం వైద్యం అనిపిస్తుంది గానీ, చాలామందికి ఉపశమనం ఇస్తుంది. శ్వాసకోశ నిపుణులు, ఫిజియోథెరపిస్టు, రోజువారీ పనులు తేలికగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు, పాలియేటివ్ కేర్ వారు కలిసి ఒకే సేవగా పనిచేసిన లండన్ పరిశోధన ఒకటి 2014లో వెలువడింది. ముదిరిన వ్యాధులతో బాధపడుతున్న 105 మందిలో, ఆ సేవ అందినవారికి ఆరు వారాల తర్వాత తమ ఆయాసంపై పట్టు పెరిగింది. ఆయాసం తగ్గడానికి మార్ఫిన్ (బలమైన నొప్పి మందు) వాడమని ఎవరైనా చెబితే వెంటనే ఒప్పుకోవద్దు, వెంటనే కొట్టిపారేయవద్దు. సీఓపీడీ రోగులపై జరిగిన, 2022లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో తక్కువ మోతాదు మార్ఫిన్ వల్ల తీవ్ర ఆయాసం తగ్గినట్లు కనిపించలేదు.

సమాధానం 3 (శ్వాసకోశ విభాగం నర్సు)

ఆక్సిజన్ గురించి చెబుతాను. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా రక్తంలో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే సీఓపీడీ రోగులకు రోజుకు కనీసం 15 గంటలు పెట్టమనడానికి ఆధారం 1980లో ఉత్తర అమెరికాలోనూ 1981లో బ్రిటన్‌లోనూ వెలువడిన రెండు పరిశోధనలు. అలాగని ఆయాసం వచ్చినప్పుడల్లా మీ అంతట మీరు ఫ్లో పెంచవద్దు. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉన్నవారికి రక్తంలో ఆక్సిజన్ స్థాయిని సాధారణంగా 88 నుంచి 92 శాతం మధ్య ఉంచమంటారు. అది దాటించాలని చూస్తే మత్తుగా, అయోమయంగా అయిపోవచ్చు. మీ నాన్నగారి అంకె ఎంతో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. ఆక్సిజన్ నడుస్తున్న గదిలో దీపం, బీడీ, సిగరెట్ ఏవీ ఉండకూడదు.

బృందంలో ఎంతమంది ఉన్నారన్నది నా దృష్టిలో అంత పెద్ద విషయం కాదు. రాత్రి పదింటికి ఆయాసం పెరిగితే ముందు ఎవరికి ఫోన్ చేయాలో మీకు తెలియకపోతే మీకు బృందం లేనట్టే. ఆ ఒక్క మనిషి ఎవరని ఈసారి వెళ్లినప్పుడు సూటిగా అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండీ. ఈ సాయంత్రం నాన్నగారిని ఇన్హేలర్ వాడి చూపించమన్నాను. నొక్కాక ఒక క్షణం ఆగి పీలుస్తున్నారు, మందు తెల్లటి పొగలా నోట్లోంచి బయటికే వస్తోంది. నాలుగేళ్లుగా ఇలాగే వాడుతున్నారట. రేపు ఉదయం నర్సుగారికి ఫోన్ చేసి స్పేసర్ (ఇన్హేలర్‌కు తగిలించే, మందును పట్టి ఉంచే గొట్టం) గురించి అడుగుతాను.