ముదురు మామిడి తోటను మళ్లీ కాపుకు తేవడం, పాత రకాలను నిలుపుకోవడం

ప్రశ్న (దామలచెరువు దగ్గర నుంచి):
తాతగారు పెట్టిన మామిడి తోట ఇప్పుడు నా చేతికి వచ్చింది. చెట్ల వయసు యాభై ఏళ్ల పైమాటే. కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి లోపల ఎండ పడడం లేదు. ఎక్కువ భాగం బెంగళూరా (తోతాపురి), కొంత నీలం, కొద్దిగా ఖాదర్ ఉన్నాయి. గట్టు మీద పేరు తెలియని చెట్లు కూడా కొన్ని ఉన్నాయి. వాటి కాయలను ఊరగాయకు, రసానికి ఇంట్లో వాడుకోవడమే తప్ప మండీకి ఎన్నడూ తోలలేదు. అన్నీ కొట్టించి కొత్త బెంగళూరా అంట్లు నాటమని ఊళ్లో సలహా ఇస్తున్నారు. పాత రకాలు పోకుండా తోటను బాగుచేసే దారి ఉందా? గట్టు చెట్ల టెంకలు నాటితే సరిపోతుందా?

జవాబు (తిరుపతి):
టెంకలతో సరిపోదండీ. మన మామిడి రకాల్లో ఎక్కువ వాటికి టెంకలో ఒకే పిండం ఉంటుంది, అది పరపరాగ సంపర్కంతో, అంటే వేరే చెట్టు పుప్పొడి కలిసి, ఏర్పడుతుంది కనుక మొలిచిన మొక్క తల్లిచెట్టు కాయనే ఇస్తుందని చెప్పలేము. ఆ మొక్కను అంటుకు వేరుమూలంగా (కొమ్మను అతికించే అడుగు మొక్కగా) వాడుకుని, రకాన్ని మాత్రం కొమ్మ ద్వారానే నిలుపుకోవాలి. మూడు నాలుగు నెలల వయసున్న కొమ్మను ఎంచుకుని, కోయడానికి వారం పది రోజుల ముందు కాడలు మిగిలేలా ఆకులను కత్తిరిస్తే చివరి మొగ్గ ఉబ్బుతుంది. వానలు పడి గాలిలో తేమ ఉన్న రోజుల్లో అంటు బాగా పడుతుంది. పేరు తెలియని ప్రతి చెట్టుకూ కొన్ని అంట్లు కట్టించి, రెండు వేర్వేరు చోట్ల నాటిన తరువాతే తోటలోకి రంపం తెప్పించండి.

ఆ పైన, కోత ముగిశాక పెద్ద కొమ్మలను నేల నుంచి మూడు నాలుగు మీటర్ల ఎత్తులో కోయించి, కోత ముఖాలకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టు పూయాలి. గుత్తులుగా వచ్చే చిగుళ్లలో బయటికి సాగే బలమైన వాటిని కొమ్మకు రెండు మూడు చొప్పున ఉంచి తక్కినవి తీసివేయాలి. కాపు సాధారణంగా మూడో ఏడాది నుంచి మొదలవుతుంది కాబట్టి, ఒక వరుస విడిచి ఒక వరుస కోయించుకుంటే ఆదాయం ఒక్కసారిగా ఆగిపోదు. కాండం తొలిచే పురుగు ఉన్న చెట్టును మాత్రం ముందు శుభ్రం చేయించండి. ఆ రంధ్రాలను వదిలేసి కొమ్మలు కొట్టిస్తే చెట్టే చచ్చిపోవచ్చు.

జవాబు (బంగారుపాళ్యం):
గుజ్జు ఫ్యాక్టరీలు ప్రధానంగా అడిగేది బెంగళూరానే కాబట్టి దాన్ని వదులుకోమని నేను అనను. అయితే దానికోసం చెట్లు కూల్చవలసిన పని లేదు. పైన చెప్పినట్లు కోసిన చెట్టుకు వచ్చే కొత్త చిగుళ్ల మీదే వేరే రకం అంటు కట్టవచ్చు. కాపు తగ్గిన బెంగళూరా చెట్లు రెండు మూడింటిని మీ గట్టు రకాలకు కేటాయిస్తే, పాత వేర్ల బలంతో అవి త్వరగా కాపుకు వస్తాయి. నీలం చెట్లను తీయకండి. సీజన్ చివర్లో కాయ చేతికి వస్తుంది, పైగా తమ పుప్పొడితో తాము సరిగా కాయపట్టని రకాలు కొన్ని ఉన్నందున తోటలో రకాలు కలిసి ఉండడమే మేలు. మల్లిక అనే సంకర మామిడి రకానికి తల్లి కూడా ఈ నీలమే.

జవాబు (చిత్తూరు):
గట్టు చెట్లలో నిజంగా ప్రత్యేకమైనది ఉంటే, 2001 నాటి మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టం కింద రైతు రకంగా నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చు. రైతులకు రుసుము మినహాయింపు ఉంది, చెట్లకు రక్షణ 18 ఏళ్ల వరకు ఉంటుంది. నమోదు కాగానే డబ్బు వస్తుందని మాత్రం అనుకోకండి. ఈ సీజన్ నుంచే చెట్టుకొక నంబరు రాసి, పూత వచ్చిన కాలం, కాయ బరువు, తొక్క రంగు, పీచు, పులుపు, నిలవ ఉండే రోజులు పుస్తకంలో ఎక్కించి, కోసిన కాయకు ఫొటో తీసి పెట్టుకోండి. ఏ కాయ ఏ ఊరగాయకు వాడేవారో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి అదీ రాయండి. దరఖాస్తు చేసినా చేయకపోయినా, అంటు కట్టేవారికి కొమ్మ ఏ చెట్టుదో చెప్పడానికి ఆ పుస్తకమే కావాలి.