ఏఐ క్షేత్ర సందర్శన నివేదిక: రైస్ మిల్లులో చూసినదాన్ని ఎలా రాయాలి?

ప్రశ్న: నెల్లూరు విద్యార్థిని

నమస్కారం. నేను నెల్లూరులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కృత్రిమ మేధ పాఠ్యాంశంలో భాగంగా మా తరగతిని గత వారం కోవూరు వైపున్న ఒక రైస్ మిల్లుకు తీసుకువెళ్లారు. రంగు మారిన గింజలను కెమెరాలతో గుర్తించి వేరుచేసే సార్టెక్స్ యంత్రాన్ని అక్కడ గంటన్నరసేపు చూశాం. ఇప్పుడు ఒక్కొక్కరూ పన్నెండు పేజీల నివేదిక ఇవ్వాలి.

మొదటి ప్రతిలో నేను కృత్రిమ మేధ అనే రంగానికి పునాది వేసిన 1956 నాటి డార్ట్‌మత్ సమావేశంతో మొదలుపెట్టి, న్యూరల్ నెట్‌వర్కుల చరిత్ర, వ్యవసాయంలో కృత్రిమ మేధ ఉపయోగాలు అంటూ ఏడు పేజీలు నింపాను. మిల్లు ఎనిమిదో పేజీలో వచ్చింది. మా మేడం ఆ కాగితాలు తిరిగి ఇచ్చేస్తూ, "ఇది రాయడానికి బస్సెక్కి కోవూరు దాకా పోవాల్సిన పనేముందమ్మా?" అన్నారు. ఆమె అన్నది నిజమే. అయితే నా నోటుపుస్తకంలో ఉన్నది రెండు పేజీలే. గింజలు ఏటవాలు పలక మీదుగా జారి కింద పడుతుండగా కెమెరాలు చూస్తాయనీ, చెడ్డ గింజ కనబడగానే యంత్రం గాలి కొట్టి పక్కకు తోస్తుందనీ, ఆపరేటర్ గారు "99 శాతం కరెక్టు" అని చెప్పారనీ, తీసేసిన గింజల సంచిలో మంచి బియ్యం కూడా కనిపించాయనీ రాసుకున్నాను. దీనితో పన్నెండు పేజీలు ఎలా వస్తాయి? ఆ 99 శాతం మాటను అలాగే రాయవచ్చా? రాయడానికి చాట్‌బాట్ సాయం తీసుకుంటే తప్పవుతుందా?

జవాబు: ఒంగోలు అధ్యాపకుడు

అమ్మా, మీ దగ్గర సరుకు తక్కువేమీ లేదు. మీరు చివర్లో తేలిగ్గా చెప్పి వదిలేసిన సంచి మాట ఒక్కటే మూడు నాలుగు పేజీలకు సరిపోతుంది.

ముందు ఆ 99 శాతం సంగతి చూద్దాం. పదివేల గింజల్లో వంద చెడ్డవి ఉన్నాయనుకోండి. యంత్రం కళ్లు మూసుకుని ఒక్క గింజను కూడా తీయకుండా అన్నిటినీ మంచివేనని వదిలేసినా, 9,900 గింజల విషయంలో దాని తీర్పు సరైనదే అవుతుంది. అంటే ఏ పనీ చేయని యంత్రానికి కూడా 99 శాతం కచ్చితత్వం వచ్చేస్తుంది. ఇప్పుడు పనిచేసే యంత్రాన్ని తీసుకోండి. అది వంద చెడ్డ గింజల్లో 90 పట్టుకుని, వాటితోపాటు 60 మంచి గింజలను కూడా తోసేసిందనుకుందాం. వదిలేసిన 10 చెడ్డవి, తోసేసిన 60 మంచివి కలిపి తప్పిన తీర్పులు మొత్తం 70 కాబట్టి కచ్చితత్వం 99.3 శాతం. పనిచేయనిదానికీ పనిచేసేదానికీ మధ్య ఈ అంకె చూపే తేడా ఇంతే! అదే మీరు చెడ్డవాటిలో ఎన్ని దొరికాయని అడిగితే 90 శాతం అని, తీసేసినవాటిలో నిజంగా చెడ్డవెన్ని అని అడిగితే 150కి 90, అంటే 60 శాతం అని తేలుతుంది. మీ పాఠ్యపుస్తకంలో రీకాల్, ప్రెసిషన్ అని చదివినవి ఈ రెండే. మీరు సంచిలో మంచి బియ్యం చూశారంటే ప్రెసిషన్ తగ్గడాన్ని కళ్లారా చూశారన్నమాట. పైన చెప్పిన అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి. వాటిని ఆ మిల్లు అంకెలుగా రాయకండి.

ఆపరేటర్ గారి మాటను నివేదికలో ఉంచండి, కానీ ఆయన మాటగానే ఉంచండి. "యంత్రం 99 శాతం కచ్చితంగా పనిచేస్తుంది" అని రాస్తే దానికి మీరు పూచీ పడినట్లు. "99 శాతం కచ్చితమని ఆపరేటర్ చెప్పారు, దేన్ని లెక్కించి ఆ అంకె చెబుతున్నారో మేము అడగలేదు" అని రాస్తే అది పరిశీలన. కళ్లతో చూసినది, చెవులతో విన్నది, బుర్రతో ఊహించినది, ఈ మూడూ ఏ వాక్యంలోనూ కలగాపులగం కాకుండా చూసుకుంటే సగం నివేదిక దానంతటదే కుదురుకుంటుంది. అడగలేదని ఒప్పుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు. అటువంటి వాక్యం ఉన్న నివేదికకు నేనైతే రెండు మార్కులు ఎక్కువే వేస్తాను.

చాట్‌బాట్ మీతోపాటు ఆ మిల్లుకు రాలేదు. మీరు రాసిన పేరాలో అక్షరదోషాలు దిద్దించుకుంటే, దిద్దించుకున్నానని ఒక ముక్క రాసి పెట్టండి, ఇబ్బంది లేదు. దానిచేతనే రాయిస్తే మాత్రం చూడనివి చూసినట్లు రాస్తుంది. ఒకసారి నా దగ్గరకు వచ్చిన నివేదికల్లో నాలుగింటిలో బస్తాలు ఎత్తే రోబో చేయి ఉంది. మేము వెళ్లిన చోట బస్తాలు ఎత్తినవారు హమాలీలు.

పేజీల విషయం మీ మేడంగారినే అడగండి. ఎనిమిది పేజీల విషయాన్ని పన్నెండుకు సాగదీయమని ఆమె అంటారని నేను అనుకోను. డార్ట్‌మత్ అవసరమైతే ఒక్క వాక్యంలో రానివ్వండి.

జవాబు: మిల్లు మనిషి, బుచ్చిరెడ్డిపాళెం

నేను పదకొండేళ్లుగా మిల్లుల్లో సార్టెక్స్ నడుపుతున్నాను, చదువు డిప్లొమా వరకే. మాస్టారి లెక్క బాగుంది గానీ, ఒకచోట చిన్న సవరణ చెప్పాలి. సంచిలో కనిపించిన మంచి బియ్యమంతా మేధ చేసిన తప్పు కాదు. గింజలు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని పడుతుంటాయి. చెడ్డ గింజ మీదికి గాలి కొట్టినప్పుడు పక్కనున్న మంచి గింజ కూడా దానితోపాటు ఎగిరిపోతుంది. కెమెరా తీర్పు సరిగానే ఉంది. గాలికి అంత సన్నని గురి లేదు, అంతే. అందుకనే తీసేసిన బియ్యాన్ని నేరుగా సంచికి పట్టకుండా చాలా యంత్రాల్లో ఇంకోసారి వేరే గాడిలో పోయించి, అందులో మంచివాటిని వెనక్కి రాబడతారు. మీరు చూసిన సంచి మొదటి విడతదా, రెండో విడతదా అన్నది తెలియకుండా ఏ అంకె వేసినా అది తప్పుదారి పట్టిస్తుంది.

మరొక సంగతి. సార్టెక్స్ అన్నది అసలు ఒక కంపెనీ పేరు. మా దగ్గర ఏ కంపెనీ యంత్రమైనా ఆ పేరుతోనే పిలుస్తాం. పైన ఏఐ అని బోర్డు ఉన్నంతమాత్రాన లోపల నేర్చుకునే మేధ ఉందని రాయకండి. పాత యంత్రాల్లో మేము ఒక హద్దు పెడతాం. గింజ ఆ హద్దుకన్నా నల్లగా కనబడితే గాలి కొడుతుంది, అందులో నేర్చుకోవడమేమీ లేదు. తేడా తెలుసుకోవాలంటే ఆపరేటర్‌ను ఒకే ప్రశ్న అడగండి: "కొత్త రకం బియ్యం వచ్చినప్పుడు మీరేం చేస్తారు?" అంకెలు పెంచి తగ్గిస్తామని అంటే అది హద్దుల యంత్రం. మంచివీ చెడ్డవీ విడివిడిగా పోయించి, వాటి బొమ్మలు తీయించి, యంత్రానికి చూపిస్తామని అంటే అక్కడ నేర్పడం ఉంది. కొన్నింటిలో రెండూ కలిసి ఉంటాయి.

మన జిల్లాలో దీనికి ఉదాహరణ వెతకనక్కరలేదు. పచ్చి బియ్యానికి పెట్టిన సెట్టింగుతో ఉప్పుడు బియ్యం పోశారంటే, వాటి రంగే పసుపు కాబట్టి, మంచి గింజలను కూడా పాడైనవాటి కిందే జమకట్టేస్తుంది. నెల్లూరు మసూరి అని మనం పిలిచే 34449 రకం నడిపి, వెంటనే సాంబ మసూరి అనే బీపీటీ 5204 రకం పోసినప్పుడు కూడా సెట్టింగు ఒకసారి సరిచూసుకుంటాం. అద్దం మీద తవుడు దుమ్ము పట్టినా, కంప్రెసర్ గాలిలో తేమ చేరినా పని చెడుతుంది. యంత్రం ముందు నిలబడిన మనిషి ఏమేం చేస్తున్నాడో మీ నివేదికలో ఒక పేజీ ఉంటే, అది చదివే మిల్లువాడు కూడా తల ఊపుతాడు.

జవాబు: ముత్తుకూరు రొయ్యల గుంటల వాసి

నాది వేరే రంగమైనా, ఇదే పొరపాటు నేనూ చేశాను కాబట్టి రాస్తున్నాను. చదువుకునే రోజుల్లో నేను వెనామీ రకం రొయ్యల గుంటల్లో వాడే ఆటోమేటిక్ ఫీడర్ మీద నివేదిక ఇచ్చాను. నీళ్లలో వేలాడదీసిన మైకు రొయ్యలు మేత కొరుకుతున్న చప్పుడు విని, దాన్నిబట్టి మేత వేస్తుంది. నేను గొప్పగా "యంత్రం రొయ్యల ఆకలిని వింటుంది" అని రాశాను. మా గురువుగారు ఆ వాక్యం కింద గీత గీసి, అది వినేది ఆకలినా, చప్పుడునా అని అడిగారు. దానితో నాకు దారి దొరికింది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల హోరులో ఆ చప్పుడును ఎలా విడదీస్తారు, గుంటలో పనిచేసే మనిషి ఇప్పటికీ నీళ్లలో ఉంచిన చెక్ ట్రే ఎత్తి అందులో మిగిలిన మేత ఎందుకు చూసుకుంటాడు అన్న రెండు ప్రశ్నల మీదే మిగతా నివేదిక అంతా నడిచింది. మీకు మిల్లులో చెక్ ట్రేలాంటిది ఆ సంచే.

ఫొటోల గురించి మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. మిల్లు పేరు, సెట్టింగులు కనిపించే తెర, పనివాళ్ల ముఖాలు యజమానిని, వాళ్లను అడగకుండా పెట్టవద్దు. ఫొటోకు బదులు గింజ ప్రయాణాన్ని చేత్తో బొమ్మ గీసి పెడితే ఇంకా మంచిది. గీయాలంటే మీకు అర్థమై ఉండాలి కదా.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. మా మేడం తొమ్మిది పేజీలకు ఒప్పుకున్నారు. మిల్లువారికి ఫోన్ చేస్తే శనివారం మళ్లీ రమ్మన్నారు. నివేదిక ఇలా మొదలుపెట్టాను: "మిల్లులో మేము చివరిగా చూసినది యంత్రం పక్కనున్న ఒక సంచి. అందులో ఉండవలసినవి నల్లబడిన గింజలు, పసుపు గింజలు, మెరిగెలు. వాటితోపాటు తెల్లని మంచి బియ్యం కూడా ఉన్నాయి. అవి అక్కడికి ఎలా చేరాయో తెలుసుకోవడానికి ఈ నివేదిక ప్రయత్నిస్తుంది." తీసేసిన బియ్యంలో కొంత అడిగి తెచ్చుకుని ఇంట్లో పళ్లెంలో పోసి లెక్కపెట్టాలని అనుకుంటున్నాను. ఒక గుప్పెడు సరిపోతుందా, అన్నా?

మిల్లు మనిషి, బుచ్చిరెడ్డిపాళెం

గుప్పెడు చాలదమ్మా. సంచి పైనుంచి అసలు తీయకు. నింపేటప్పుడు, కదిపేటప్పుడు నూకలు అడుగుకు జారి, పెద్ద గింజలు పైన తేలతాయి. తీసేసిన బియ్యం పడే గొట్టం కిందే గిన్నె పెట్టి, పది నిమిషాలకోసారి కొంచెం చొప్పున ఐదారుసార్లు పట్టుకో. ప్రతి పొట్లం మీదా ఏ రకం బియ్యమో, ఏ టైముకు పట్టావో, మొదటి విడతో రెండో విడతో రాసుకో. లోపలికి పోయే బియ్యంలోనూ, మంచి బియ్యం దిగే వైపునా కూడా ఒక్కో పొట్లం అడిగి తెచ్చుకో. అవి లేకపోతే మాస్టారు చెప్పిన 90 శాతం లెక్క నీకు కుదరదు. మధ్యాహ్నం షిఫ్టు మారకముందే వెళ్లు.